ఆల్ఫా 0.41, రిజల్ట్ సున్నా, గైడ్ సైలెంట్... డిసర్టేషన్ మళ్లీ మొదటికి రావాల్సిందేనా?

ప్రశ్న:
సైకాలజీ ఎంఏ చివరి సెమిస్టర్ అండీ, సబ్మిషన్‌కి ఐదు వారాలే ఉంది. ఒత్తిడికీ నిద్రపోయే గంటలకీ సంబంధం ఉందా అన్నది టాపిక్. ఎథిక్స్ పర్మిషన్ వచ్చాకే డేటా తీసుకున్నాను, 92 మంది నింపారు. ఒత్తిడికి పీఎస్ఎస్-10 స్కేలు (ఒత్తిడిని కొలిచే పది ప్రశ్నల పట్టిక), నిద్రకి "రాత్రికి సగటున ఎన్ని గంటలు" అని ఒకే ప్రశ్న. నిన్న రాత్రి జమోవిలో (లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్) వేసి చూస్తే స్కేలు ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె) 0.41, కోరిలేషన్ (రెండింటి మధ్య సంబంధం ఎంతో చెప్పే అంకె) మైనస్ 0.08, పీ విలువ (0.05 కన్నా తక్కువుంటేనే "సిగ్నిఫికెంట్" అంటారు) 0.45 వచ్చాయి. గుండె జారిపోయింది. గైడ్ మేడంకి రెండు చాప్టర్లు పంపి పదిహేను రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. టాపిక్ మార్చేసి కొత్తగా డేటా తీసుకోవాలా?

జవాబు:
ఆగండాగండి. ఆ పదిలో 4, 5, 7, 8 ప్రశ్నలు తిరగేశారా? మిగతావి "ఎంత ఇబ్బంది పడ్డారు" అని అడిగితే ఈ నాలుగూ "పరిస్థితి మీ చేతిలోనే ఉందనిపించిందా" లాంటివి అడుగుతాయి, అంటే ఎక్కువ మార్కు వస్తే ఒత్తిడి తక్కువని అర్థం. 0 ని 4 చేయాలి, 1 ని 3 చేయాలి, 2 అలాగే ఉంటుంది, 3 ని 1, 4 ని 0 చేయాలి. అప్పుడు మొత్తం కూడండి. ఇది మర్చిపోతే ఆరు ప్రశ్నలు ఒకవైపు, నాలుగు ఇంకోవైపు లాగి ఆల్ఫా పడిపోతుంది. నేనూ ఒకసారి ఇదే చేసి, స్కేలే పనికిరాదని నాలుగు పేజీలు రాసి పడేశాను.

ప్రశ్న వేసినవారు:
అయ్యో, అదేనండీ! తిరగేశాక ఆల్ఫా 0.83 అయింది. ఇప్పుడు కోరిలేషన్ మైనస్ 0.19, పీ విలువ 0.07. ఇంత దగ్గరికొచ్చి ఆగిపోయిందేంటి!

ఇంకొకరి జవాబు:
ఇద్దరు ముగ్గురు తేడాగా నింపినవాళ్లుంటారు, వాళ్లని తీసేసి చూడండి, లేదా ఇంకో ఇరవై మందితో నింపించండి. 0.05 కిందికి దిగిపోతుంది. అందరూ చేసేదే.

మరొకరి జవాబు:
అందరూ చేస్తారు, అందుకే వైవాలో అందరూ దొరికిపోతారు కూడా. రిజల్ట్ చూశాక మనుషుల్ని తీసేయడం, చూస్తూ చూస్తూ ఇంకొందర్ని కలపడం, టూ-టెయిల్డ్‌ని (రెండు దిశల్లోనూ చూసే పరీక్షని) వన్-టెయిల్డ్ (ఒక్క దిశలోనే చూసేది) చేసేయడం, మూడింటిదీ ఒకటే జబ్బు: పొరపాటున సంబంధం ఉందనుకునే అవకాశం మీరు రాసుకున్న 5 శాతం దగ్గర ఆగదు, పెరుగుతుంది. ఎవరో నిద్ర 70 గంటలని టైప్ చేస్తే అది తప్పని చెప్పి తీసేయండి, ఆ మాట మెథడ్ చాప్టర్లో రాయండి. రోజుకి నాలుగు గంటలే నిద్రపోయేవాడు మాత్రం తప్పు కాదు, మనిషే. పైగా ఇంకా మందిని కలపాలంటే ఎథిక్స్ కమిటీకి మీరు రాసిచ్చిన సంఖ్య దాటుతున్నారేమో కూడా చూసుకోవాలి.

అసలు మీ రిజల్ట్ చెడ్డదేం కాదు. 92 మందితో మైనస్ 0.19 అంటే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దులు) సుమారు మైనస్ 0.38 నుంచి ప్లస్ 0.02 దాకా వస్తుంది. చిన్న సంబంధం ఉండొచ్చు, ఓ మోస్తరుదీ ఉండొచ్చు, అసలు లేకపోవడానికీ ఆస్కారముంది. డిస్కషన్లో ఇదే రాయండి. "సంబంధం లేదని రుజువైంది" అని రాయకండి, "దాదాపు సిగ్నిఫికెంట్" అని అంతకన్నా రాయకండి, ఆ మాట చూస్తేనే ఎగ్జామినర్‌కి ఒళ్లు మండుతుంది. ఎందుకిలా వచ్చిందో కూడా మీకు చెప్పడానికి సరుకుంది: 0.3 కోరిలేషన్‌ని 80 శాతం పవర్‌తో (సంబంధం నిజంగా ఉంటే దొరికే అవకాశం) పట్టుకోవాలంటే 85 మంది చాలు, అదే 0.2 అయితే 190 పైన కావాలి. బహుశా మీరు 0.3 అనుకునే మొదలుపెట్టుంటారు. నిద్రని ఒక్క ప్రశ్నతో, అదీ జ్ఞాపకం మీద అడిగారు, అందులో గందరగోళం ఉంటే కోరిలేషన్ కొంత తగ్గి కనిపిస్తుంది. లిమిటేషన్స్‌లో "శాంపిల్ చిన్నది" అని ఒక ముక్క పడేయకుండా ఈ లెక్క పెట్టండి, చూసేవాళ్లకి మీకు విషయం తెలుసని అర్థమవుతుంది.

ఇక మేడం సంగతి. నలభై పేజీలు పంపి "చూడండి మేడం" అంటే ఎవరూ వెంటనే తెరవరు, పక్కన పెడతారు. ఒక పేజీ మెయిల్ రాయండి: రివర్స్ స్కోరింగ్ తప్పు దొరికింది, సరిచేశాను, అంకెలివి, ఇలా రాయబోతున్నాను, సరేనా? అవునో కాదో చెప్పగలిగేలా రెండే ప్రశ్నలు, ఏ తేదీలోగా కావాలో కింద. తప్పు దాచకండి. పాత ఫైలూ కొత్త ఫైలూ రెండూ ఉంచుకోండి, ఏం మార్చారో తేదీతో ఒక నోట్ రాసుకోండి.

ప్రశ్న వేసినవారు:
మెయిల్ పొద్దున పంపాను, మధ్యాహ్నానికల్లా జవాబొచ్చింది! "ఇంటర్వెల్‌తో సహా రాయి, ఎవరినీ తీసెయ్యకు, శుక్రవారం మాట్లాడదాం" అన్నారు. తప్పు గురించి ఒక్క మాటా అనలేదు. శుక్రవారం ఏమైనా అంటారేమోనని టెన్షన్‌గా ఉంది కానీ, ఈ రాత్రికి రిజల్ట్స్ చాప్టర్ మొదలుపెడుతున్నాను.