ఇంగ్లిష్ వాక్యం పొడుగైతే తికమక: కారణం తెలుగా, బడిలో నేర్చుకున్న తీరా?

కంకిపాడు_కుర్రోడు: పదో తరగతి దాకా తెలుగు మీడియం. గ్రామర్ బిట్లు ఎప్పుడూ తప్పేవి కావు, ఇప్పుడు ఆఫీసు మెయిళ్ళూ బాగానే రాస్తాను. కానీ ‘ద రిపోర్టర్ హూ ద సెనేటర్ అటాక్డ్ అడ్మిటెడ్ ద ఎర్రర్’ లాంటిది కనబడితే ఎవరు ఎవరి మీద పడ్డారో తేల్చుకోడానికి మళ్ళీ మొదటికి వెళ్ళాల్సిందే. అమెరికాలో పుట్టి పెరిగిన మా బావగారబ్బాయి ఇలాంటివి చకచకా చదివేస్తాడు. మనకి క్రియ చివర్లో వస్తుంది కాబట్టి ఇలా అవుతోందా, లేక ఇంగ్లిష్‌ని పుస్తకాల్లోంచి నేర్చుకోవడం వల్లనా?

వాక్యాల_పిచ్చి: ముందు ఒక మాట, ఆ వాక్యం (సెనేటర్ ఎవరి మీద పడ్డాడో ఆ రిపోర్టర్ తప్పు ఒప్పుకున్నాడని అర్థం) దగ్గర ఇంగ్లిష్ వాళ్ళు కూడా నెమ్మదిస్తారు. ‘హూ అటాక్డ్ ద సెనేటర్’ అని ఉంటే ఎవరికైనా తేలికే. అది అలా ఉంచితే మీరడిగిన రెండింటి మీదా పరిశోధనలున్నాయి. 2005లో మరినిస్ అనే భాషా పరిశోధకుడి బృందం చైనీస్, జపనీస్, జర్మన్, గ్రీక్ మాతృభాషల వాళ్ళతో ఇంగ్లిష్‌లో మెలికలున్న ‘హూ’ వాక్యాలు చదివించింది. చదివే వేగం చూస్తే నాలుగు గుంపులూ ఇంచుమించు ఒకేలా, కానీ ఇంగ్లిష్ వాళ్ళకి భిన్నంగా ఉన్నాయి, అంటే అక్కడ మాతృభాష పెద్దగా తేడా చెయ్యలేదు. తర్వాత 2013లో ప్లియాట్సికాస్, మరినిస్ కలిసి ఇంగ్లిష్ నేర్చుకున్న గ్రీకుల్నే రెండు గుంపులుగా తీసుకున్నారు: క్లాసులో మాత్రమే నేర్చుకున్నవాళ్ళు, ఏళ్ళ తరబడి బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు. రెండో గుంపు చదివే తీరు ఇంగ్లిష్ వాళ్ళకి దగ్గరగా వచ్చింది.

ఇంకో తమాషా చూడండి. ‘బాల్కనీలో ఉన్న నటి పనిమనిషిని ఎవరో కాల్చారు.’ బాల్కనీలో ఉన్నది ఎవరు? ఈ మాటే ఇంగ్లిష్‌లో చెబితే ఇంగ్లిష్ వాళ్ళు నటి అనుకోవడానికి, స్పానిష్‌లో చెబితే ఆ భాషవాళ్ళు పనిమనిషి అనుకోవడానికి మొగ్గు చూపుతారని 1988లో క్వెటోస్, మిచెల్ చూపించారు. అమెరికాలో చాలాకాలం ఉన్న స్పానిష్ వాళ్ళు తమ స్పానిష్‌నే ఇంగ్లిష్ పద్ధతిలో చదువుతున్నారని 2007లో డుసియాస్, సగారా రాశారు. మాతృభాష రెండో భాషని లాగడమే కాదు, రెండోది కూడా మాతృభాషని లాగుతుందన్నమాట.

రైన్_ఒడ్డున: నేను జర్మనీలో నర్సుని, హైదరాబాద్‌లో కోచింగ్‌కెళ్ళి జర్మన్ నేర్చుకున్నాను. మాతృభాష ఏమీ చెయ్యదంటే నేనొప్పుకోను. ‘డెన్ మాన్ బైస్ట్ డెర్ హుంట్’ అంటే మనిషిని కుక్క కరుస్తోంది అని. మన ‘ని’ లాంటి పని అక్కడ ‘డెన్’ చేస్తుంది, కాబట్టి వరస తిరగేసినా నాకు ఇబ్బంది అనిపించలేదు. నాతో ఇక్కడ కోర్సులో ఉన్న ఇంగ్లిష్ అమ్మాయి మాత్రం మొదట మనిషి కనబడ్డాడు కదా అని మనిషి చేతే కుక్కని కరిపించేసేది! అయితే ‘డెన్’, ‘డెర్’ బదులు ‘డీ’ వచ్చిన చోట కర్తకీ కర్మకీ ఒకటే రూపం, అక్కడ నాకూ వరసే దిక్కు. క్లాసులో ఈ రూపాల పట్టిక చూసి అన్నీ చెప్పేదాన్ని, వార్డులో షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల సంగతి గడగడా చెప్పేస్తుంటే పట్టిక గుర్తు చేసుకునే టైమెక్కడ? అది అక్కడ రోజూ విని విని వచ్చిందే.

బెత్తం_లేని_మాస్టారు: విదేశంలో ఉంటే చాలనుకోకండి. డల్లాస్‌లో ఇల్లు, స్నేహితులు, టీవీ అన్నీ తెలుగే అయినవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. ఇక మీ బావగారబ్బాయితో పోలిక వద్దు, అతను పుట్టినప్పట్నుంచీ ఆ భాషలోనే ఉన్నాడు, అది వేరే లెక్క. మన బళ్ళలో పొడుగు వాక్యం రాగానే ముక్కలు చేసి తెలుగులో అర్థం చెప్పేస్తాం, పిల్లాడికి ఆ వాక్యాన్ని వచ్చిన వరసలో ఎడమ నుంచి కుడికి పట్టుకునే అలవాటే పడదు. మీకిష్టమైన విషయం మీద, క్రికెట్టో నేరవార్తలో, ఆడియో వింటూ అదే పాఠం కళ్ళతో చదవండి. ఆడియో మీకోసం ఆగదు కాబట్టి వెనక్కి వెళ్ళడం కుదరదు.

కంకిపాడు_కుర్రోడు: థ్యాంక్స్ మాస్టారూ. @రైన్_ఒడ్డున అక్కా, ఆ షిఫ్టు మాటలు తడుముకోకుండా అర్థమవడానికి మీకు ఎంతకాలం పట్టింది?

రైన్_ఒడ్డున: మొదటి చలికాలం మొత్తం. ఫోన్లో మాట్లాడాలంటే ఇప్పటికీ టెన్షనే తమ్ముడూ.