సిరిమాను రోజుల్లో తాత్కాలిక నో పార్కింగ్ బోర్డు: బండి ఎత్తుకెళ్తే టోయింగ్ ఛార్జీ చెల్లుతుందా?

మూడులాంతర్లు:
విజయనగరంలో పైడితల్లమ్మ జాతర, పూజారి కూర్చున్న పొడవాటి మానును ఊరేగించే సిరిమాను ఉత్సవం, వచ్చేలోపే ఈ సంగతి తేల్చుకుంటే మంచిది. ఒక బోర్డు అనుకుందాం. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ, కోట వైపు తిరిగి ఉంది. గంటస్తంభం వైపు నుంచి వచ్చేవాళ్లకు దాని వెనకభాగమే కనిపిస్తుంది. తేదీ ఉంది, టైము లేదు. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నదీ లేదు. ఆ స్తంభానికి నలభై అడుగుల అవతల పెట్టిన బండిని ఎత్తుకెళ్లారు. నా వాదన ఏమిటంటే, ఆ ఛార్జీ చెల్లదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 127వ సెక్షన్ చూడండి. బండి పది గంటలకు పైగా దిక్కులేకుండా పడి ఉండాలి, లేదా చట్టప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట ఉండాలి, లేదా వదిలేసిన బండి రాకపోకలకు ప్రమాదంగా, అడ్డంగా ఉండాలి. అప్పుడు కూడా ఆ పరిధిలోని పోలీసు అధికారి, యూనిఫాంలో ఉన్నవారు, అనుమతిస్తేనే తీయాలి. నిషేధం ఎక్కడ మొదలవుతుందో చెప్పని బోర్డు పెట్టి, నిషేధించిన చోటని ఎలా అంటారు?

తోటపాలెం_వాసి:
మాస్టారూ, 115వ సెక్షన్‌ కూడా చదవండి. నెలకు మించని ఆంక్షలకు గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదు, పరిస్థితిని బట్టి స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. సిరిమానుకూ, దాని ముందురోజు జరిగే తొలేళ్లకూ ఏ దారి మూస్తారో, బళ్లు ఎక్కడ పెట్టాలో ముందే పేపర్లలో వేస్తారు, మైకుల్లో చెప్తారు. శ్రీకాకుళం, విశాఖ, ఒడిశా నుంచి జనం దిగే రోజు అది. సిరిమాను తిరిగే దారికి ఆనుకున్న సందులో ఒక్క కారు అడ్డుంటే అంబులెన్సు ఇరుక్కుపోతుంది. ఫ్లెక్సీ ఎటు తిరిగి ఉందని వాదించే రోజు కాదు.

మూడులాంతర్లు:
ఆ మినహాయింపు గెజిట్‌కే. అదే సెక్షన్ అసలు భాగంలో, ఆంక్ష పెట్టినప్పుడు తగిన చోట్ల 116 కింద ట్రాఫిక్ గుర్తులు పెట్టించాలని ఉంది. దాన్ని మినహాయింపు తీసెయ్యలేదు. పైగా పేపరు చూసేది ఊళ్లోవాళ్లు. పాలకొండ నుంచి వచ్చే కుటుంబానికి దిక్కు బోర్డే కదా.

నాగావళి_ఒడ్డు:
ఇద్దరి మాటలోనూ పస ఉంది. కానీ ఇలాంటి ఫిర్యాదులు చాలామటుకు వీగిపోయేది బోర్డు దగ్గర కాదు. బస్టాపు దగ్గర, ఫుట్‌పాత్ మీద, ఒకరి గేటుకు అడ్డంగా, ఆగిన బండి పక్కన రెండో వరసలో పెడితే, బోర్డు ఉన్నా లేకపోయినా 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం తప్పే. ముందు మీ బండి వీటిలో దేనికిందా రాదని చూసుకోండి. వస్తే ఫ్లెక్సీ గొడవ వదిలెయ్యండి, టైము దండగ.

రాకపోతే బోర్డు సంగతి చూద్దాం. పార్కింగ్ వద్దని చెప్పే అసలు గుర్తు నీలం గుండ్రం, ఎర్ర అంచు, అడ్డంగా ఒకే ఎర్ర గీత. రెండు గీతలు ఒకదాన్నొకటి కోస్తే అక్కడ ఆగడానికే వీల్లేదు. చట్టం షెడ్యూల్లో ఉన్న గుర్తుకు సైజు, రంగు, రకం అందులో చెప్పినట్టే ఉండాలని 116 అంటుంది. టైము, దూరం, బాణం గుర్తు కింద చిన్న పలకలో రాస్తారు. అయితే ఒక్క మాట. "ఇది ఫ్లెక్సీ, గుర్తు కాదు" అని అక్కడితో ఆపితే పండగ బందోబస్తు ముందు ఆ వాదన తేలిపోతుంది. "నేను వచ్చిన దిక్కు నుంచి కనబడదు, ఏ హద్దూ చెప్పదు" అన్నది నిలబడుతుంది. దానికి రుజువు కావాలి.

ఆ రుజువు అదే రోజు తీసుకోవాలి, మర్నాటికి ఫ్లెక్సీ ఉండదు. మీరు ఏ మలుపులో తిరిగారో అక్కడి నుంచి బండి పెట్టిన చోటు దాకా నడుస్తూ ఆపకుండా ఒకే వీడియో తియ్యండి, ఫోను డ్రైవరు కంటి ఎత్తులో పట్టుకుని. తర్వాత బోర్డు వెనక, ముందు, దాన్నీ మీ చోటునీ కలిపి ఒక ఫొటో. పక్కన దుకాణం పేరు పడాలి. మధ్య దూరం టేపుతో కొలవండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీలో తీసిన టైము, చోటు వివరాలు పోతాయి కాబట్టి ఫోన్లో ఉన్న అసలు ఫైలు చెరపొద్దు. కోర్టుదాకా వెళ్తే, ఎలక్ట్రానిక్ రుజువులకు అవసరమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో పెట్టాల్సింది అదే.

పెద్దచెరువు_గట్టు:
డబ్బు కట్టే దగ్గరే అందరూ దొరికిపోతారు. టోయింగ్ ఛార్జీ వేరు, జరిమానా వేరు. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద జరిమానా మొదటిసారి 500 దాకా, మళ్లీ చేస్తే 1,500 దాకా. దాన్ని అక్కడికక్కడే కట్టేస్తే 200వ సెక్షన్ కింద రాజీ అయినట్టే, ఆ కేసు అంతటితో ముగుస్తుంది. తర్వాత తప్పు నాది కాదంటే ఎవరు వింటారు? నా సలహా: టోయింగ్ ఛార్జీ కట్టి, రసీదు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం చేసి, బండి తెచ్చుకోండి. జరిమానా కట్టకండి, కోర్టులో చెప్పుకుంటానని చెప్పండి. రసీదులో సెక్షన్, ఎత్తిన చోటు, టైము, అనుమతించిన అధికారి హోదా ఉండాలి. లేకపోతే లేవని మీరే రాతపూర్వకంగా పెట్టండి.

తాళం తిప్పేముందు బండి చుట్టూ వీడియో తియ్యండి. ముందు చక్రాలు లేపి, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండగానే ఈడిస్తే వెనక టైర్లు ఒకచోట చదునుగా అరుగుతాయి. బంపరు కింద కొక్కెం గీతలు చూడండి. బైకులైతే సైలెన్సరు, అద్దం, హ్యాండిల్ లాకు. గేటు దాటి వచ్చాక చెప్పిన నష్టం ఎవరూ ఒప్పుకోరు.

తోటపాలెం_వాసి:
జరిమానా కట్టొద్దంటున్నారు, 500 కోసం కోర్టు వాయిదాలకు తిరిగేదెవరు? చలానా పెండింగులో ఉంటే బండి అమ్మేటప్పుడు అడ్డం పడొచ్చు. బండి ఎత్తడం తప్పని నేనూ ఒప్పుకునే చోట్లున్నాయి, కానీ కూలి పోగొట్టుకుని తిరగమని అందరికీ చెప్పలేం.

మూడులాంతర్లు:
అది నిజమే. రోజు కూలి మీద బతికేవాళ్లకు కోర్టు దారి కాదు. వాళ్లకు సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. అర్జీ ఇచ్చి నంబరు తీసుకోవచ్చు, ఖర్చు లేదు. నేను మాత్రం వాయిదాలైనా సరే వెళ్లాలంటాను. ఎవరూ అడగకపోతే వచ్చే ఏడూ అదే స్తంభానికి అలాగే కడతారు.

నాగావళి_ఒడ్డు:
దానితోపాటు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు ఒకటి ఎస్పీ ఆఫీసుకు, ఒకటి నగరపాలక సంస్థకు వెయ్యండి. జవాబుకు గడువు 30 రోజులు. అడగాల్సినవి: ఆ రోడ్డులో పార్కింగ్ ఆపిన ఉత్తర్వు కాపీ, అందులో రాసిన హద్దులు, టైము, టోయింగ్ రేటు ఎవరు ఏ ఉత్తర్వుతో నిర్ణయించారు, మీ బండిని తీయమన్న అధికారి హోదా. "ఎందుకు తీశారు" అని అడిగితే అది సమాచారం కిందకు రాదని తిప్పి పంపేస్తారు. సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్లకే దాని మీద కొత్తది ఎక్కిపోతుంది, కాబట్టి దాన్ని భద్రపరచమని మొదటి రోజే వేరే కాగితం మీద ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఉత్తర్వులోని హద్దుకూ మీరు టేపుతో కొలిచినదానికీ తేడా వస్తే, అర్జీలో ఛార్జీ వాపసుతోపాటు ఆ బోర్డు రెండు వైపులా కనిపించేలా, టైముతో, బాణాలతో పెట్టించమనీ రాయండి. రెండోది అధికారులకు ఒప్పుకోవడం తేలిక, అది ఒప్పుకుంటే మొదటిదానికి జవాబు చెప్పక తప్పదు.