గుమ్మంలో ఐన్ లేని చార్మినార్ రూపాయి: వెరైటీయా, అరిగిన డైయా?

పాలమూరు సిక్కా:
మొన్న మహబూబ్‌నగర్‌లో ఒకాయన దగ్గర ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి వెండి రూపాయి చూశాను. దాని మీది చార్మినార్ బొమ్మ గుమ్మంలో ఉండాల్సిన ఐన్ (ఉస్మాన్ పేరులోని మొదటి ఉర్దూ అక్షరం) కనిపించీ కనిపించనట్టు ఉంది. ‘ఐన్ లేని రకం, ఎక్కడా దొరకదు’ అని 6,000 చెప్పాడు. మామూలు రూపాయికి ఆయనే 2,000 అంటున్నాడు. మీనార్లు, చుట్టూ ఉన్న అక్షరాలు పదునుగా ఉన్నాయి, చేతులు మారి అరిగింది కాదు. కాబట్టి ఇది వెరైటీయే, అంటే టంకశాల డిజైన్ మార్చి కొట్టిన రకమే అని నా నమ్మకం.

నల్గొండ భూతద్దం:
తమ్ముడూ, తొందరపడకు. నాణెం అరగడం వేరు, డైలో, అంటే నాణెం మీద ముద్ర కొట్టే అచ్చులో, లోపం వేరు. డైలో అక్షరం గుంతలా ఉంటుంది. ఆ గుంతలో నూనె జిడ్డు, లోహపు పొడి ఇరుక్కుంటే వెండి అందులోకి దిగదు. అప్పుడు కొత్త నాణెం మీద కూడా అక్షరం మసకగానే పడుతుంది. డై తుడవగానే అదే అక్షరం మళ్లీ నిండుగా వస్తుంది. మధ్యలో పడ్డ ఆ నాలుగు నాణేలకు వెరైటీ అని పేరు పెడతామా?

అసలు వెరైటీ కావాలంటే అదే గుమ్మంలో ఉంది. మీ జిల్లాకు పేరిచ్చిన మహబూబ్ అలీ ఖాన్ రూపాయిలో గుమ్మంలో ఆయన పేరులోని మొదటి అక్షరం మీమ్ ఉండేది. కొడుకు ఉస్మాన్ వచ్చాక ఐన్ పెట్టారు. మొదట సగం ఐన్, తర్వాత నిండు ఐన్. హిజ్రీ 1330లో రెండూ దొరుకుతాయి. మా నాయనమ్మ పెట్టెలో దొరికిన రూపాయి సగం ఐన్‌ది. భూతద్దం కింద పెడితే అక్షరం చిన్నదే, కానీ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. నువ్వు చూసినదాంట్లో అంచు కరిగినట్టు చుట్టూ ఉన్న ఖాళీ భాగంలో కలిసిపోయిందా లేదా, అది చెప్పు.

దేవరకొండ నయాపైసా:
డబ్లింగ్, అంటే అక్షరాలు రెండుగా కనిపించే విషయంలోనూ ఇదే గొడవ. నా దగ్గర 10 నయా పైసలు ఒకటుంది, అంకెలు రెండుగా కనిపిస్తాయి. ఏడాది పాటు దాన్ని డబుల్ డై (డై మీదే బొమ్మ రెండుగా పడ్డది) అని అందరికీ చూపించాను. తర్వాత ఒక పెద్దాయన పక్కనే మామూలుది పెట్టి చూడమన్నారు. రెండో గీత మెట్టులా చదునుగా ఉంది, అసలు అంకె ఆ మేరకు సన్నబడింది. కొట్టేటప్పుడు డై కదిలిందంతే. నిజమైన డబుల్ డైలో రెండు గీతలూ గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, అక్షరాల కొసలు చీలి ఉంటాయి. ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అలాగే వస్తుంది.

మిర్యాలగూడ రూపాయి:
నేను ఒప్పుకోను సార్. 1862 విక్టోరియా రూపాయి తీసుకోండి. 1874 దాకా అదే సంవత్సరం వేశారు, బొంబాయి టంకశాల చుక్కలు మార్చుకుంటూ పోయింది. తెలియనివాడు వాటిని డై లోపమే అనుకుంటాడు. ఈరోజు చుక్కలు లెక్కపెట్టి కొంటున్నాం. డై పగిలిన నాణేలు నా దగ్గర మూడున్నాయి. మీనార్ నుంచి అంచు దాకా ఉబ్బిన గీత ఒకదానికంటే ఒకటి పొడవు. ఆ డై ఎలా చచ్చిపోయిందో కళ్లకు కనిపిస్తుంది. వీటికి విలువ లేదంటే ఎలా?

నల్గొండ భూతద్దం:
విలువ లేదని నేను అనలేదు, ఆ మూడూ నాకు చూపించు, ముచ్చటగా చూస్తాను. కానీ ఆ చుక్కలు టంకశాల కావాలని పెట్టినవి, గుండ్రంగా, పెట్టిన చోట ఉంటాయి. డై పెచ్చు ఊడితే వచ్చే బొడిపెకు ఆకారం ఉండదు. నీ పగుళ్లను పగుళ్లని చెప్పి అమ్ము, కొనేవాడు ఇష్టపడి కొంటాడు. జిడ్డు పట్టిన డైని ‘ఐన్ లేని రకం’ అని మూడింతలు అడగడమే నాకు నచ్చనిది. కొత్తగా సేకరణ మొదలుపెట్టిన పిల్లలు అక్కడే మోసపోతున్నారు.

పాలమూరు సిక్కా:
ఈరోజు మళ్లీ వెళ్లి, నాణేన్ని కిటికీ దగ్గర పక్కకు వంచి చూశాను. ఐన్ తల లీలగా ఉంది, అంచు లేదు, చుట్టూ కరిగినట్టే ఉంది. 2,000 అయితే తీసుకుంటానన్నాను. ఆయన ఇవ్వలేదు.