సాయంత్రం ఆరు దాటితే హోమ్ సర్వర్ నెట్‌వర్క్‌లో కనపడట్లేదు, దయచేసి సాయం చేయండి

వంతెన పక్క ఇల్లు:
అందరికీ నమస్కారం. మాది తెనాలి. ఆఫీసుల్లో వాడేసిన చిన్న డెస్క్‌టాప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, డెబియన్ (లినక్స్) వేసి, జెల్లీఫిన్ (మన దగ్గరున్న పాటలు, వీడియోలు టీవీకి పంపే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నాను. అందులో ఉన్నవి సినిమాలు కాదు. మా నాన్నగారు పౌరాణిక నాటకాలు వేసేవారు. ఆయన పాడిన పద్యాలు 62 క్యాసెట్లలో ఉండేవి. టేప్ సాగిపోకముందే అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అమ్మ రోజూ దీపం పెట్టుకున్నాక, ఏడు గంటలకి, టీవీలో ఆ పద్యాలు వింటుంది. నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. ఆ గంట అమ్మకి ఎంత అవసరమో నాకు తెలుసు.

ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టని సర్వర్ జూన్ నుంచి మొండికేస్తోంది. సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య టీవీలో ‘సర్వర్ దొరకలేదు’ అని వస్తుంది. వెళ్ళి చూస్తే మిషన్ ఆన్‌లోనే ఉంటుంది, కేబుల్ దగ్గర లైట్ వెలుగుతూనే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే ఐదు పది నిమిషాలు పనిచేసి మళ్ళీ పోతుంది. ఎనిమిదిన్నర దాటాక దానంతట అదే వచ్చేస్తుంది. ఆ టైముకి అమ్మ పడుకుంటుంది.

సాయంత్రం వోల్టేజ్ తగ్గుతుందేమోనని స్టెబిలైజర్ పెట్టాను. వేడెక్కుతుందేమోనని మూత తీసి దుమ్ము దులిపాను. ఏం లాభం లేదు. సర్వర్‌కి ఐపీ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు) నేనే చేత్తో ఇచ్చాను, 192.168.1.10. రూటర్ సెట్టింగులు మాత్రం బిగించిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఇంకేం చూడాలో చెప్పండి.

రాగితీగ:
ముందు కేబుల్ సంగతి తేల్చుకోండి. చవకగా దొరికే లాన్ కేబుళ్ళు చాలావాటిలో లోపల అల్యూమినియం తీగ, పైన రాగి పూత ఉంటుంది. వంగిన చోట లోపలే తెగుతుంది. కానీ ఇప్పుడే కొత్తది కొనకండి. సర్వర్‌లో ఈథ్‌టూల్ (కేబుల్ కనెక్షన్ వివరాలు చూపేది) కమాండ్ కొట్టి స్పీడు ఎన్ని ఎంబీపీఎస్ చూపిస్తుందో చూడండి. 1000 రావాలంటే కేబుల్‌లోని ఎనిమిది తీగలూ బాగుండాలి. నాలుగింటితో 100 వరకే వస్తుంది. అలాగే సర్వర్ పోయిన టైముకి కెర్నల్ లాగ్‌లో (సిస్టమ్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా) ‘లింక్ ఈజ్ డౌన్’, అంటే కనెక్షన్ తెగింది, అనే లైను ఉందేమో వెతకండి. ఉంటే కేబుల్, పోర్టు, నెట్‌వర్క్ కార్డు, ఈ మూడిట్లో ఒకటి. లేకపోతే కేబుల్ జోలికి పోవద్దు.

వంతెన పక్క ఇల్లు:
థాంక్సండీ. నిన్న సాయంత్రం చూశాను. స్పీడు 1000. లాగ్‌లో ఆ లైను ఒక్కటి కూడా లేదు, జూన్ నుంచీ వెతికాను.

ఇంకొకటి గమనించాను. సర్వర్ పోయినప్పుడు లాప్‌టాప్ నుంచి ఆ ఐపీకి పింగ్ (‘ఉన్నావా’ అని అడిగే చిన్న సందేశం) కొడితే జవాబు వస్తోంది! కానీ జెల్లీఫిన్ పేజీ తెరుచుకోదు, ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) కూడా కనెక్ట్ అవదు. అంటే జెల్లీఫినే పాడైందా? మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలంటే టెన్షన్‌గా ఉంది. ఆ ఫైళ్ళకి ఏమైనా అయితే నేను తట్టుకోలేను.

నైట్‌డ్యూటీ:
ఆగండి, ఏదీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకండి. జెల్లీఫిన్ పాడైతే ఎస్ఎస్‌హెచ్ ఎందుకు పోతుంది? ఫైళ్ళకి ఏ ప్రమాదమూ లేదు. అయినా ఒక కాపీ వేరే డిస్క్‌లో పెట్టుకోండి, ఈ రోజే.

నాకు మూడు విషయాలు చెప్పండి. పింగ్ జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తోంది? ఆదివారాలు కూడా ఇలాగే పోతోందా? సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మీ ఇంట్లో మామూలు కంటే ఎక్కువ ఎవరుంటారు?

వంతెన పక్క ఇల్లు:
మామూలప్పుడు 2, 3 మిల్లీసెకన్లు. పోయినప్పుడు ఒకసారి 40, ఒకసారి 180, ఒకసారి 95.

ఆదివారం... మీరు అడిగాక గుర్తుకొచ్చింది, ఒక్క ఆదివారం కూడా పోలేదు. నేను ఇంట్లో ఉంటాను కాబట్టి బాగుందనుకునేవాణ్ణి.

ఆరింటి నుంచి ఎనిమిది దాకా మా ఆవిడ పదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతుంది. తొమ్మిది మంది. వీడియోలు చూపించాల్సి వస్తుందని వాళ్ళకి వైఫై పాస్‌వర్డ్ ఇచ్చింది. ఆదివారం ట్యూషన్ ఉండదు.

నైట్‌డ్యూటీ:
దొరికింది. మీరు పింగ్ చేస్తున్నది మీ సర్వర్‌ని కాదు, ఒక పిల్లాడి ఫోన్‌ని. కేబుల్‌తో రూటర్‌కి తగిలించిన మిషన్ ఒకసారి 40, ఒకసారి 180 ఇవ్వదు. బ్యాటరీ ఆదా కోసం వైఫైని కునుకు తీయించే ఫోన్ అలా ఇస్తుంది. ఆ ఫోన్‌కీ మీ సర్వర్‌కీ ఒకే ఐపీ ఉంది. ఒకే డోర్ నంబర్‌తో రెండిళ్ళుంటే పోస్ట్‌మ్యాన్ ఏ ఇంటికి పోతాడో చెప్పలేం కదా, అలా. రీస్టార్ట్ చేయగానే సర్వర్ అందరినీ పలకరిస్తుంది కాబట్టి 192.168.1.10 అంటే తనేనని రూటర్, టీవీ రాసుకుంటాయి. కాసేపటికి ఫోన్ పలకరిస్తే ఆ రాత చెరిగి ఫోన్ పేరు ఎక్కుతుంది.

నిర్ధారించుకోండి. ఇప్పుడు, సర్వర్ బాగున్నప్పుడు, లాప్‌టాప్‌లో పింగ్ కొట్టి ఆర్ప్ టేబుల్‌లో (ఏ ఐపీ ఏ పరికరానిదో లాప్‌టాప్ రాసుకునే పట్టిక) 192.168.1.10 పక్కనున్న మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరానికి ఉండే గుర్తింపు, రెండేసి అక్షరాల జంటలుగా ఉంటుంది) రాసుకోండి. సాయంత్రం పోయాక అదే పని చేయండి. రెండూ వేరైతే ఇక అనుమానం లేదు. రెండోసారి వచ్చిన దాంట్లో మొదటి జంటలోని రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అది కంపెనీలో వేసిన అడ్రస్ కాదు, ఫోన్ తనకు తాను పెట్టుకున్నది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు మామూలుగా అలాగే చేస్తాయి.

జూన్‌లో ఎప్పుడైనా సర్వర్ చాలాసేపు ఆఫ్‌లో ఉందా?

వంతెన పక్క ఇల్లు:
ఉంది. జూన్‌లో గాలివానకి కరెంటు పోయి సాయంత్రం మొత్తం రాలేదు. రూటర్, రెండు ఫ్యాన్లు, లైట్లు ఇన్వర్టర్ మీద ఉన్నాయి. సర్వర్ లేదు. మర్నాడు పొద్దున నేను బటన్ నొక్కేదాకా అది ఆఫ్‌లోనే ఉంది. ఆ చీకట్లో కూడా ట్యూషన్ జరిగింది.

మ్యాక్ అడ్రస్ ఇప్పుడే చూశాను. పొద్దున్నది సర్వర్‌దే, వెనకాల స్టిక్కర్‌తో సరిపోయింది. సాయంత్రం వచ్చింది వేరే, మొదటి జంట ‘డీఏ’. రెండో అక్షరం ఏ. నా చేతులు వణికాయి చూడగానే.

నైట్‌డ్యూటీ:
ఆ సాయంత్రం 192.168.1.10 ఖాళీగా కనపడింది, రూటర్ దాన్ని ఫోన్‌కి ఇచ్చేసింది. సర్వర్‌కి ఆ నంబరు మీరు చేత్తో ఇచ్చారు కాబట్టి రూటర్‌కి తెలిసే దారి లేదు. ఫోన్ రోజూ వచ్చి తన పాత నంబరే అడుగుతుంది. పిల్లాడి తప్పేం లేదు, వాణ్ణి ఏమీ అనకండి.

రూటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ నంబర్లు పంచే పని) పేజీకి వెళ్ళి పంచే నంబర్లు 192.168.1.100 నుంచి 199 దాకా మాత్రమే ఉండేలా మార్చండి. సర్వర్ 10 లోనే ఉండనివ్వండి. తర్వాత రూటర్ రీస్టార్ట్ చేసి, పిల్లలందరినీ వైఫై ఒకసారి ఆపి ఆన్ చేయమనండి.

మిద్దె మీది యాంటెన్నా:
నేనైతే సర్వర్‌లో చేత్తో ఇచ్చిన ఐపీ తీసేసి, దాని మ్యాక్ అడ్రస్‌కి ఎప్పుడూ ఒకే నంబరు ఇచ్చేలా రూటర్‌లోనే రిజర్వేషన్ పెడతాను. లెక్కంతా ఒకేచోట ఉంటుంది. కాకపోతే రూటర్ మారిస్తే మళ్ళీ పెట్టుకోవాలి. మీ ఇంట్లో అది మరిచిపోతే అమ్మగారికి పద్యాలు ఆగుతాయి, అందుకే మీకు నైట్‌డ్యూటీ గారు చెప్పిందే మేలు. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (బయటివాళ్ళకి విడిగా ఇచ్చే వైఫై) ఉంటే పిల్లల్ని అందులోకి మార్చండి. సర్వర్ బయాస్‌లో (మిషన్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) కరెంటు వచ్చాక దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, అదీ పెట్టండి. ఇంత చిన్న మిషన్ ఇన్వర్టర్‌కి బరువేం కాదు, దాన్నీ అటు కలిపేయండి.

వంతెన పక్క ఇల్లు:
పన్నెండు రోజులు చూసి రాస్తున్నాను. నంబర్లు 100 నుంచి 199 కి మార్చాను, గెస్ట్ నెట్‌వర్క్ పెట్టాను, సర్వర్‌ని ఇన్వర్టర్ లైనులోకి మార్పించాను. ఒక్కసారి కూడా పోలేదు. రెండుసార్లు కరెంటు పోయినా ఆగలేదు. పద్యాలన్నీ ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి తమ్ముడింట్లో పెట్టాను.

మొదటి రోజు సర్వర్ బాగైందని అమ్మకి చెప్పలేదు, ఏడింటికి టీవీ పెట్టాను అంతే. నాన్నగారి గొంతు రాగానే వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. లోపల పిల్లలకి లెక్కలు జరుగుతూనే ఉన్నాయి. మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం.