అప్‌డేట్: పాపను సర్కారు బడి మాన్పించాలా అని అడిగాను కదా, తేల్చుకున్నాం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పాప చదివే ప్రభుత్వ తెలుగు బడి గురించి అప్పుడు రాశాను. తెలుగు టీచర్ రిటైరయ్యాక ఎవరినీ వేయలేదు, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఒకే గదిలో, నాలుగో తరగతికొచ్చినా పాపకు వత్తులు చదవడం రావట్లేదు. తీసేస్తున్నాం. సెలవుల తర్వాత సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం ప్రభుత్వ బడిలో ఐదులో చేరుతుంది.

ప్రైవేటు ఫీజు మా వల్ల కాదు, విద్యాహక్కు చట్టంలో 25 శాతం ఉచిత సీట్లున్నా అవి మొదట చేరే తరగతికే.

మా ఆయనా నేనూ ఎక్కువ వాదించుకున్నది నవోదయ (ఆరో తరగతి నుంచి చేర్చుకునే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి) గురించి. ఏ జిల్లా నవోదయకు పరీక్ష రాయాలన్నా ఆ జిల్లాలోనే నివాసం ఉండాలి, ఐదో తరగతీ అక్కడే చదవాలి, అంటే మా గజపతి జిల్లా నవోదయ పోతుంది, ఇల్లు ఇక్కడే కాబట్టి పాతపట్నం ఉన్న శ్రీకాకుళం జిల్లాదీ దొరక్కపోవచ్చు. సరే అనుకున్నాం, ముందు పిల్లకు చదవడం రావాలి కదా. ఒడియా మర్చిపోతుందని మామయ్యగారి బెంగ, అది నిజమే, ఇక్కడ ఆఫీసు పనంతా ఒడియాలోనే, అందుకే సాయంత్రాలు ట్యూషన్ పెడుతున్నాం.

టీసీ గురించి టెన్షన్ పడేవాళ్లకి: వేరే రాష్ట్రానికి వెళ్లినా హెడ్మాస్టర్ వెంటనే ఇవ్వాలి, ఆలస్యమైందని కొత్త బడి కాదనకూడదు, విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చూడండి.

మిగిలిన పిల్లల కోసం తల్లిదండ్రులందరం టీచర్ కావాలని కలెక్టర్‌కు అర్జీ రాస్తున్నాం. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి చెప్పే రాజ్యాంగం 350ఏ అధికరణ కూడా అందులో పెట్టాం.