సమస్య: పండ్లు లేని వాఁడు పట్టి కఱచె

నిర్వాహకుడు: ఈ పాదం ఎక్కడిదీ అని అడక్కండి. మా ఇంట్లో పొద్దున ఒక కేక వినబడింది, కేక వేసినావిడ అన్న మాట యథాతథంగా ఆటవెలదిలో పడింది, అంతే. ఈ చివరి పాదానికి ముందు మూడు పాదాలు మీరు కట్టి పద్యం పూరించాలి, ఇవాళ పిల్లల మీదే. శివుణ్ణీ, పామునూ, రాజకీయ నాయకుణ్ణీ లాక్కురావద్దు.

కట్టుపళ్ళ తాత: పేరు చూశాక నేను ఊరుకుంటానని ఎలా అనుకున్నారు!

కట్టు పండ్లు తీసి గట్టుపై నుంచిన
తాత పిలువఁ జెంతఁ దవిలి వచ్చి
బుజ్జి మనుమఁ డీయ బుగ్గ, నవ్వుచు వంగి
పండ్లు లేని వాఁడు పట్టి కఱచె.

పాలమూరు పిల్ల: తాతగారూ, బాగుంది. కరిచినా నొప్పి లేని కాటు. మా వాడైతే ఆ గట్టు మీది పళ్ళ సెట్టును ముందు బియ్యం డబ్బాలో దాచి, తర్వాత బుగ్గ ఇస్తాడు. ఒకసారి ఇల్లంతా వెతికి వెతికి చివరికి అన్నం వండేటప్పుడు దొరికింది. తాత కోప్పడబోతే వాడు తన నోరు తెరిచి చూపించాడట, తన దగ్గర లేదని.

కాకినాడ కాజా: బాబాయ్ గారికి నమస్కారం. ఇందులో మీరు చెప్పని శ్లేష ఒకటుంది, నేను చెబుతా. పట్టి అంటే బిడ్డ కూడా కదా. తాత బిడ్డను కరిచాడని ఇంకో అర్థం వస్తుంది. డబుల్ ధమాకా!

సూక్ష్మదర్శిని: రాదు. బిడ్డను కరిచాడంటే ద్వితీయా విభక్తి, అప్పుడు "పట్టిఁ గఱచె" అవ్వాలి. ఇచ్చిన పాదంలో "పట్టి" తర్వాత అరసున్నా లేదు, గకారమూ లేదు. కావాలంటే ప్రథమగా తీసుకోండి, అప్పుడు కరిచింది బిడ్డే అవుతుంది, తాత నిర్దోషి.

నిర్వాహకుడు: అక్కడ అరసున్నా లేకుండా ఇచ్చింది అందుకే. ఎవరో ఒకరు ఆ గోతిలో పడతారని తెలుసు, కాజాగారే పడతారని కూడా తెలుసు.

కాకినాడ కాజా: సరే, మా పద్యం చూడండి ముందు. మీరందరూ దంతాల దగ్గరే ఆగిపోయారు. పండ్లంటే తినేవి కూడా ఉన్నాయి.

అక్క చేతఁ జూచె నరటిపం డొక్కటి
తనకు లేదటంచుఁ దల్లడిల్లి
వేలు చూపి యడిగి వెక్కి వెక్కేడ్చి యా
పండ్లు లేని వాఁడు పట్టి కఱచె.

కట్టుపళ్ళ తాత: ఊహ బాగుంది నాయనా. కానీ కరిచింది అక్కనా, అరటిపండునా? మా ఇంట్లో అయితే రెండూనూ, ముందు అక్క.

సూక్ష్మదర్శిని: తాతగారు పెద్దమనిషి కాబట్టి ఊహ దగ్గర ఆగారు. నేను మూడో పాదం దాటి కదల్లేకపోతున్నాను. "వెక్కి" తర్వాత "ఏడ్చి" వస్తే "వెక్కేడ్చి" ఎలా అయింది? క్త్వార్థమైన ఇత్తుకు, అంటే "వెక్కి", "చూపి" లాంటి మాటల చివరి ఇకారానికి, సంధి లేదని బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పిన మాట స్కూలు పిల్లలకీ తెలుసు. విచిత్రం ఏమిటంటే అదే పాదంలో "చూపి యడిగి" అని యడాగమం చక్కగా పెట్టారు, రెండు మాటలు నడిచేసరికి మర్చిపోయారు.

కాకినాడ కాజా: నోటితో అంటే "వెక్కేడ్చి" అనే వినబడుతుంది మేడమ్. రెండేళ్ళవాడు యడాగమం చూసుకుని ఏడవడు.

సూక్ష్మదర్శిని: ఏడ్చింది వాడు, రాసింది మీరు.

కాకినాడ కాజా: సవరణ కాదు, పాఠాంతరం ఇస్తున్నాను, గమనించగలరు:
"వేలు చూపి యడిగి విసిగి యేడ్చుచు వచ్చి"

పాలమూరు పిల్ల: పాఠాంతరమట! తాళపత్రాల్లో దొరికిందా అన్నా?

నిర్వాహకుడు: ఇప్పుడు నిర్దోషం. పైగా ముందు పాఠంలో ఉత్త ఏడుపే ఉంది, "విసిగి" వచ్చాక పిల్లవాడు కనబడుతున్నాడు. అడిగి అడిగి పెద్దవాళ్ళు పట్టించుకోకపోతే పిల్లలకొచ్చే విసుగు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగిన మనిషికి కూడా రాదు.

డాలస్ నాన్న: అందరికీ నమస్తే. నాకు పద్యం పూర్తి కాలేదు గానీ విషయం మాత్రం ఇంట్లోనే ఉంది. మా బుడ్డోడి డేకేర్ నుంచి కాగితం వచ్చింది, ఇవాళ ఒకరిని కరిచాడు, దయచేసి సంతకం పెట్టండి అని. ఎవరిని కరిచాడో చెప్పరు, అది రహస్యం. వాణ్ణి అడిగితే పేరు వాడే చెప్పాడు, చెప్పి "ఉఫ్ చేశాను నాన్నా" అన్నాడు. అంటే కరిచి, ఆ పిల్ల ఏడుస్తుంటే దగ్గరికెళ్ళి చెయ్యి మీద ఊదాడట. కాగితంలో ఆ ఊదిన సంగతి లేదు. టెన్షన్ పడాలో, నవ్వాలో తెలియక సంతకం పెట్టేశాను.

సూక్ష్మదర్శిని: పద్యం ఏది? గద్యానికి వేరే చోటు ఉంది. (ఊదడం మాత్రం బాగుంది.)

పాలమూరు పిల్ల: ఇగ నాది. తప్పులుంటే మెల్లగ చెప్పండి, ఒళ్ళో ఒకడు పడుకున్నడు, ఒక్క చేత్తో టైపు చేస్తున్న.

వచ్చె నాల్గు పండ్లు వాని కిప్పటిదాఁక;
చాలు నవియె పిన్ని వేలు కొఱుక;
నొచ్చె ననుచు నేడ్చె, నోట ముప్పదిరెండు
పండ్లు లేని వాఁడు పట్టి కఱచె.

కట్టుపళ్ళ తాత: ఆహా! అమ్మాయ్, ఇదీ పూరణంటే. మేమంతా "పండ్లు లేని" అన్నదాన్ని పట్టుకుని వేలాడుతుంటే నువ్వు ముందు పాదం చివర "ముప్పదిరెండు" తగిలించి విషయం తేల్చేశావు. ముప్ఫై రెండు లేవు, నాలుగున్నాయి, ఆ నాలుగూ చాలు. అవధానంలో ఇలా పాదం అంచున సంఖ్య పెట్టి సమస్యను విరిచేస్తే దాన్ని ఇచ్చిన పృచ్ఛకుడు కూడా చప్పట్లు కొట్టాలి.

కాకినాడ కాజా: రెండో పాదంలో యతి పోయింది గదా? "చా"కీ "వే"కీ ఏం చుట్టరికం?

సూక్ష్మదర్శిని: ప్రాసయతి. మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలిశాయి: చాలు, వేలు. మళ్ళీ చదవండి.

కాకినాడ కాజా: చూశాను, చూశాను. సరే, ఇంకో మాట. పాలపళ్ళు మొత్తం ఇరవయ్యే. ముప్ఫై రెండు లేవని చంటివాడి మీద నింద వేయడం అన్యాయం. "ఇరువది" అనాల్సింది.

పాలమూరు పిల్ల: ఇరవై లేవన్నా కూడా కరిచిండు అన్నా. మా చెల్లెలి వేలు చూస్తే లెక్క అడగరు మీరు. పై పళ్ళు ముందొచ్చినయని మేనమామకు గండమన్నరు మా అత్తమ్మ, తీరా గండం పిన్నికి వచ్చింది.

నిర్వాహకుడు: ఏడ్చింది పిన్నా, పిల్లవాడా అన్నది కొంచెం తడబడుతుంది, అయినా చెల్లుతుంది. ఇంట్లో అలాంటప్పుడు ఎవరు ముందు ఏడ్చారో ఎవరికీ తెలియదు.

సూక్ష్మదర్శిని: ఒప్పుకుంటాను, ఇవాళ్టికి ఇదే మేలైనది. కాజాగారు సంఖ్యల మీద పడటం చూస్తే "చందమామ దిగెను చంటి కొఱకు" అన్న పాత సమస్య గుర్తొచ్చింది. అప్పుడాయన స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి చంద్రుణ్ణి దింపి, ఇది ఎవరికీ తట్టలేదని రాసుకున్నారు. రాముడు మారాం చేస్తే అద్దంలో చంద్రుణ్ణి చూపించిన కథ అమ్మమ్మలందరికీ వచ్చు. అద్దం తీసి పళ్ళెం పెడితే కొత్తదైపోతుందా?

కాకినాడ కాజా: అద్దం పగులుతుంది మేడమ్. స్టీలు పళ్ళెం పగలదు. పిల్లలున్న ఇల్లు తెలిసినవాడే ఆ మార్పు చేయగలడు. ఆ పళ్ళెంలో నా కూతురు చెయ్యి పెట్టగానే చంద్రుడు చెదిరిపోయి, మళ్ళీ కూడుకునేదాకా అది ఊపిరి బిగబట్టి చూసిందే, ఆ చోటు మీరెవరూ చదవలేదు. పద్యంలో ఉంది.

సూక్ష్మదర్శిని: వెనక్కి వెళ్ళి చదివాను. ఉంది. మూడో పాదంలో గణం మాత్రం ఇప్పటికీ కుంటుతోంది.

కట్టుపళ్ళ తాత: ఇద్దరూ ఆపండర్రా. డాలస్ బాబూ, నీ ఊదిన సంగతి పద్యంలో పెట్టు, నేను దిద్దుతాను.

డాలస్ నాన్న: పెడతాను తాతగారూ. వాడు పడుకోవాలి ముందు.

నిర్వాహకుడు: అయితే రేపటిది ఇప్పుడే ఇచ్చేస్తున్నాను: "నిదుర పుచ్చఁ బోయి నిదుర వోయె".

పాలమూరు పిల్ల: ఇందులో సమస్య ఏముంది సార్? మా ఇంట్ల రోజూ రాత్రి అదే.

కాకినాడ కాజా: "వోయె"లో వకారం సరిగ్గానే ఉందా అని సూక్ష్మదర్శినిగారు చూసి చెబితే మొదలుపెడతాను.

సూక్ష్మదర్శిని: ఉంది. మొదలుపెట్టండి, ఈసారి క్త్వార్థాలు చూసుకుని.