ఒకినావా యుద్ధంలో బడి పిల్లలు: తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. రాత్రి అన్నం తింటూ "నాన్నా, ఒకినావా యుద్ధంలో నా ఈడు ఆడపిల్లలను మిలిటరీ దవాఖానాకు తోలిండ్రట, నిజమేనా?" అంది. నాకు హిరోషిమా తప్ప ఏం తెల్వదు. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

జవాబు 1 (నల్లగొండ, రిటైర్డ్ సోషల్ టీచర్‌ను):
నిజమే సార్. ఒకినావా జపాన్ దక్షిణాన ఉన్న దీవి, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అక్కడ జపాన్, అమెరికా సైన్యాలు కొట్లాడాయి. 1945 మార్చి 23 రాత్రి 222 మంది విద్యార్థినులు, 18 మంది టీచర్లు జపాన్ సైన్యం దవాఖానాకు వెళ్లారు. హిమెయురి దళం అంటారు. దవాఖానా అంటే గుట్టలో తవ్విన సొరంగాలే. పుండ్లలో పురుగులు తీయడం, కోసేసిన కాళ్లు బయట పడేసి రావడం వాళ్ల పని. జూన్ 18న దళం రద్దు, ఇక పొమ్మన్నారు. బయట గుండ్ల వాన. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాతి రోజుల్లోనే పోయారు. టీచర్లూ పోయారు, నేను అక్కడే ఆగిపోతాను.

జవాబు 2 (పాలమూరు):
మగపిల్లలనూ వదల్లేదన్నా, పద్నాలుగేళ్లవాళ్లు కూడా ఉన్నారు. అటు ఏప్రిల్ 1న దిగిన అమెరికా సైన్యంలోనూ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లోళ్లు ఉన్నారు. మా తమ్ముడు ఆ వయసులోనే ఆర్మీకి పోయాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. ఒకినావాలోనే మబుని అనే చోట 1995లో పెట్టిన స్మారక రాళ్ల మీద చనిపోయిన రెండు వైపులవాళ్ల పేర్లూ చెక్కారు.

ప్రశ్న అడిగినాయన:
అమ్మాయికి చదివి వినిపించిన. "గుండ్లు పడుతుంటే పొమ్మంటే ఎటు పోతరు?" అంది.